కార్తీకంలో చూపించిన కాలువ

ఊళ్ళకి ఫ్యాక్టరీలు రప్పించే ఉద్యోగం నాది. విజయవాడలో ఆఫీసు, చేతిలో ఒక రంగుల పుస్తకం, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "మా దగ్గరికి రండి." ఆ మాట ఎంత అలవాటైపోయిందంటే, రిటైరయ్యాక కూడా గుమ్మంలోకి కొత్త మనిషి వస్తే ఖాళీ స్థలాలు ఎక్కడున్నాయో చెప్పబోతాను. "ఆయన గ్యాసు బండ తెచ్చాడండీ, పోనివ్వండి" అని మా ఆవిడ నా నోరు మూయిస్తుంది.

ఈ మధ్య ఈ పనిలో చేరినవాళ్ళు ఒకరిద్దరు వచ్చి, అనుభవాలు రాయండి సార్ అన్నారు. సరే, రాస్తాను. కానీ ప్రమోషన్ల గురించి రాయను, అవి వయసొచ్చేకొద్దీ అందరికీ వచ్చేవే. సన్మానాల గురించీ రాయను. నాకు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, ఒక్కదానితోనూ చలి ఆగదు. నేను రప్పించిన ఫ్యాక్టరీల జాబితా కావాలంటే ఆఫీసులో దొరుకుతుంది. నేను రాయదలచుకున్నది రాని ఫ్యాక్టరీ గురించి. అది ఎందుకు రాలేదో ఫైల్లో ఒక కారణం ఉంది. ఆ కారణం నేనే రాశాను, అది అబద్ధం.

పానీయాల పరిశ్రమ

కంపెనీ బెంగళూరుది. యజమాని పేరు అర్జున్, నలభై దాటని మనిషి. వాళ్ళమ్మది తెనాలి. అందుకని తెలుగు బాగానే మాట్లాడతాడు, కాకపోతే ప్రతి మాటా ఇస్త్రీ చేసి తొడుక్కున్నట్టుంటుంది. పెద్ద కంపెనీల్లాగా ఒకే సరుకు లారీల కొద్దీ తయారుచెయ్యకుండా, కొద్దికొద్దిగా, రకరకాల రుచులతో బీరు కాచే చిన్న కంపెనీ అతనిది. బియ్యం నూకలు కలిపి చేసే బీరు ఒకటి బాగా పేరు తెచ్చిపెట్టిందట. ఉన్న చోటు చాలక రెండో ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నాడు. నూకలంటే డెల్టా కాబట్టి మాకు ఉత్తరం రాశాడు. మాతోపాటు ఇంకో నాలుగు ఊళ్ళకీ రాశాడు.

మా పై అధికారిని రాఘవరావు గారు అందాం. చెడ్డ మనిషి కాదు. స్క్రీను మీద బొమ్మలు వేసి మాట్లాడమంటే మూడు గంటలు మాట్లాడగలరు. కానీ ఫైలు మీద 'బీరు' అని నేను రాసింది చూసి ఆయన మొహం మాడిపోయింది.

"మూర్తీ, ఇదేంటయ్యా? రేపు పేపరోళ్ళ కంట్లో పడితే ఏమవుద్ది?"

"బీరు ఫ్యాక్టరీయే గదండీ."

"అయితే మాత్రం? ధాన్య ఆధారిత పానీయాల పరిశ్రమ అని రాయి."

రాశాను. వారం తిరక్కుండానే పొదుపు సంఘం ఆడవాళ్ళు ఓ పదిమంది గుడివాడ నుంచి బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చారు. చంటిపిల్లలకి పట్టే మాల్టు పొడి చేసే ఫ్యాక్టరీ వస్తోందని ఎవరో చెప్పారట, ప్యాకింగు పని తమకి ఇప్పించమని అర్జీ తెచ్చారు. అర్జీ మీద అందరి సంతకాలూ ఉన్నాయి. అది మాల్టు కాదమ్మా, ఫలానా అని చెప్పడానికి నాకు గంట పట్టింది, చెమటలు పట్టాయి. అంతా విని వాళ్ళ నాయకురాలు లేచింది.

"ఆ ముక్కేదో కాగితం మీద రాసి ఏడవొచ్చుగా సార్? పొద్దున్నే పన్లు మానుకుని ఇంత దూరం పడొచ్చాం" అంది.

ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది, రాలేదు.

ఊళ్ళ పాట

ఊళ్ళు పోటీ పడుతున్నాయంటే మీరు ఏదో గొప్పగా ఊహించుకుంటారు. ఏమీ ఉండదు. చీటీ పాట ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక ఊరు కరెంటు తగ్గించి ఇస్తామంటుంది. మేము ఇంకా తగ్గిస్తామంటాం. ఇంకో ఊరు స్థలం చవగ్గా ఇస్తామంటుంది. మేము ఇంకా చవగ్గా ఇస్తామని, ఆ స్థలం ఎవరిదో కనుక్కోకుండానే, ఉత్తరం రాసేస్తాం. పక్క ఊరివాడు ఏం ఇస్తున్నాడని ఆరా తీయడంలో ఉన్న శ్రద్ధ, వచ్చేవాడికి ఏం కావాలో చదవడంలో ఎవరికీ ఉండదు.

అర్జున్ ఉత్తరంలో అడిగినవి మూడే. మంచి నీళ్ళు, నూకలు, ఆవిరి. మేము వేసిన పుస్తకంలో ఈ మూడింటి గురించి ఒక్క పేజీ లేదు. బ్యారేజీ మీద సూర్యాస్తమయం ఉంది. మంగళగిరి చీరలున్నాయి. కూచిపూడి భంగిమలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. బీరు కాచేవాడికి నాట్యంతో పనేంటండీ అని అడిగితే రాఘవరావు గారు "కల్చరయ్యా, కల్చర్" అన్నారు. 

పోటీలో ఉన్న నాలుగు ఊళ్ళలో ఒకటి అనంతపురం వైపు చిన్న పట్నం. అక్కడ నాలాంటి ఉద్యోగమే చేసే షాహీన్ అనే అమ్మాయి అర్జున్‌కి పంపిన కాగితాలు ఎలాగో మా దాకా వచ్చాయి. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసింది: మా దగ్గర నీళ్ళు తక్కువ. ఏ నెలలో ఎంత దొరుకుతుందో, ఏ వారాల్లో ట్యాంకర్లు తెప్పించుకోవాలో, ఆ నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో వరసగా పట్టిక వేసింది. మేము ఆ కాగితం చేతులు మార్చుకుంటూ చదివి, కుర్చీల్లోంచి పడేలా నవ్వాం. ఇదేం ప్రచారమయ్యా, పిల్లకి మెల్లకన్నుందని శుభలేఖలో వేయించినట్టుంది అన్నారు రాఘవరావు గారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

సామ్రాజ్యం గారు

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వెళ్ళే దారిలో, పంట కాలువ గట్టునే ఒక రైస్ మిల్లు ఉండేది. సామ్రాజ్యం గారిది. తండ్రి కట్టించిన మిల్లుని నలభై ఏళ్ళుగా ఆవిడే నడిపారు. లారీలోంచి బస్తాలు దిగుతుంటే గుప్పెడు ధాన్యం తీసి, ఒక గింజ పంటి కింద కొరికి, తడి ఎంతుందో చెప్పేసేవారు. తర్వాత మిషను పెట్టి చూసినా అదే వచ్చేది. కానీ చుట్టుపక్కల కొత్త మిల్లులు లేచాక పాత మిల్లుకి ధాన్యం తెచ్చేవాళ్ళు కరువయ్యారు. మర ఆగిపోయింది. పద్దెనిమిది మంది పనివాళ్ళు మిగిలారు. వాళ్ళల్లో సగం మంది ఆవిడ కళ్ళ ముందు పెరిగినవాళ్ళే.

అర్జున్ ఉత్తరం చదవగానే నాకు ఆ మిల్లు గుర్తొచ్చింది. ఊక వేసి మండించే బాయిలర్ ఉంది, అంటే ఆవిరి ఉన్నట్టే. నూకలకి చుట్టూ మిల్లులున్నాయి. బాయిలర్ దగ్గర చెయ్యి తిరిగిన మనుషులున్నారు. నా మొత్తం సర్వీసులో నేను బుర్ర పెట్టి ఆలోచించిన రోజులు లెక్కేస్తే, అందులో ఇదొకటి.

వెళ్ళి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. మళ్ళీ వారం వెళ్ళేసరికి ఇంట్లో గొడవ మొదలైంది.

"మా మరిది వచ్చి ఎగిరాడండీ" అన్నారు. "బీరోళ్ళకి మిల్లిస్తే పరువు పోద్దంట. మిల్లు మూతపడి ఇంతమంది రోడ్డున పడితే పోలేదంటండీ పరువు? అప్పుడెక్కడికి పోయిందో అది!"

"మీరేమన్నారు?"

"నువ్వు తాగవుగా, నీకెందుకురా అన్నాను. చెప్పులేసుకుని పోయాడు." తర్వాత అసలు సంగతి చెప్పారు. "మూర్తి గారూ, మావాళ్ళు హైదరాబాదులో అపార్ట్‌మెంట్లకి వాచ్‌మన్లుగా పోతామంటున్నారు. పెళ్ళాంపిల్లల్ని కూడా తీసుకునే పోతారు. వచ్చే ఎండాకాలం వెళ్ళేదాకా ఊరొదలొద్దని అడిగాను. నా మాట మీద ఆగారు. ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా ఆగరు. మీరు తెస్తానంటే తెచ్చేట్టు తేవాలి."

పని లేకపోయినా ఆవిడ రోజూ పొద్దున్నే మిల్లు తాళం తీయించి, యంత్రాలకి నూనె వేయించి, బాయిలర్ చుట్టూ ఊడిపించేవారు. ఎప్పుడు ఎవరొచ్చి చూసినా రేపే మొదలుపెట్టేలా ఉండేది.

భోజనాల రోజు

అర్జున్ చూడటానికి వచ్చింది కార్తీక మాసంలో. అతను బెంగళూరులో బయల్దేరినప్పటి నుంచీ మాలో మాకు కొట్లాటలు. గన్నవరం వైపు పెద్దమనిషి మా ఊరికే రావాలంటాడు. మంగళగిరి వైపు ఆయన మా ఊరి సంగతేంటంటాడు. ఏ ఒక్కరినీ కాదంటే రాఘవరావు గారి ఉద్యోగానికి గండం. అందుకని అందరూ భోజనం పెట్టొచ్చన్నారు.

పదిన్నరకి ఒకచోట టిఫిన్ అన్నారు. అది టిఫిన్ కాదు, పెళ్ళి. పన్నెండింటికి ఇంకోచోట విస్తళ్ళు వేశారు. రెండున్నరకి మూడోచోట మళ్ళీ వేశారు. కార్తీకం కాబట్టి అంతా శాకాహారం, లేకపోతే మనిషిని ఆసుపత్రికే తీసుకెళ్ళాల్సి వచ్చేది. అర్జున్ విస్తరికి చేతులు అడ్డం పెడితే ఆ వేళ్ళ సందుల్లోంచి పులిహోర వడ్డించారు. ఒకాయనకి శివుడి మాసంలో బీరు మాట ఎత్తడం ఇష్టం లేదు. "మీ సరుకు", "మీ సరుకు" అంటూ భోజనమంతా లాక్కొచ్చాడు. ప్రతిచోటా శాలువా, ప్రతిచోటా ఫొటో. నీళ్ళ పరీక్ష చేసే చిన్న పెట్టె ఒకటి అర్జున్ వెంట తెచ్చుకున్నాడు. అది సాయంత్రం దాకా కారులోంచి దిగలేదు. మర్యాద చెయ్యడం మనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, వచ్చినవాడి పని చెయ్యనివ్వడం మాత్రం తెలియదు.

ఆ పొద్దున్నే, అందరికంటే ముందు, నేను ఒక్కణ్ణే మిల్లుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే కాలువ సంగతి చెప్పాలి. డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరే వేళకి బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తారు, కాలువలు కట్టేశారంటాం. మళ్ళీ తొలకరికి వదిలేదాకా కాలువ అడుగు బయటపడే ఉంటుంది. పోనీ బోరు వేద్దామంటే ఆ వైపు ఉప్పు నీళ్ళు. అందుకే ఊరూరా చెరువులు తవ్వి, కాలువ కట్టేలోగా నింపుకుంటారు.

"ఆ కాలువ కట్టే సంగతి మనంతట మనం ఎత్తొద్దండీ" అన్నాను సామ్రాజ్యం గారితో.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "ఇదేం చోద్యమండీ? కాలువ కట్టేస్తారని ఎవరికి తెలవదు? దాచడానికి ఇదేమైనా రహస్యమా?"

"దాచమనట్లేదండీ. మంచి చెప్పే రోజు మంచే చెబుదాం. అడిగితే నేను చూసుకుంటాను, మీరు మాట్లాడకండి."

బలాలే చెప్పాలి, లోపాలు వాళ్ళే కనుక్కుంటారు అనేది రాఘవరావు గారి సిద్ధాంతం. కానీ ఆయన మీదికి తోసెయ్యను. మిల్లుకి వెళ్ళమని ఆయన చెప్పలేదు, నా అంతట నేనే వెళ్ళాను. కృష్ణ పక్కన పుట్టిన నాకు, నీళ్ళు లేవు అనే మాట నోట్లోంచి రావడమే నామోషీగా ఉండేది. అనంతపురం అమ్మాయి నీళ్ళు తక్కువని రాసిందని నవ్వినవాణ్ణి, నేనూ అదే ఎలా చెబుతాను?

నాలుగింటికి మిల్లుకి చేరాం. పొద్దుటి నుంచీ ఈడ్చుకుంటూ తిరిగిన అర్జున్‌కి అక్కడ ప్రాణం లేచొచ్చింది. బాయిలర్ తలుపు తీసి లోపలికి తల పెట్టాడు. చొక్కాకి మసి అంటితే దులుపుకోలేదు. నూకలు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. పనివాళ్ళని పేర్లు అడిగి, బాయిలర్ ఎన్ని గంటలు ఆగకుండా నడుస్తుందో అడిగి తెలుసుకున్నాడు. సామ్రాజ్యం గారు ధాన్యం కొరికి తడి చెబితే చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత వెనక గట్టు మీదికి వెళ్ళాం. కాలువ నిండుగా, గట్టుని ఒరుసుకుంటూ పారుతోంది. నీళ్ళు సీసాలో పట్టుకుని అడిగాడు.

"ఏడాది పొడుగునా ఇలాగే ఉంటాయా అండీ?"

"కృష్ణమ్మ పక్కన పెట్టుకుని నీళ్ళకి లోటేంటండీ!" అన్నాను నేను. వెంటనే అన్నాను, నవ్వుతూ అన్నాను.

అతను సామ్రాజ్యం గారి వైపు తిరిగాడు. "మీరేమంటారండీ?"

ఆవిడ ముందు నా మొహం చూశారు, తర్వాత కాలువకేసి చూశారు.

"సారు చెప్పారు గదండీ" అన్నారు.

కాలువలోంచి ఫోను

ఆరు నెలల పాటు అంతా సవ్యంగానే నడిచింది. అద్దె పత్రం ముసాయిదా కూడా వచ్చింది, అందులో ఫ్యాక్టరీని రోజూ చూసుకునే బాధ్యత సామ్రాజ్యం గారిదే అని ఉంది. పనివాళ్ళు ఎవరూ ఊరొదల్లేదు. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"మూర్తి గారూ, నేను అర్జున్‌ని. మీ కాలువలో ఉన్నాను."

"అయ్యో, చెప్పకుండా వచ్చేశారేంటండీ! కాలువ దగ్గరే ఉండండి, కారు పంపిస్తాను."

"కాలువ దగ్గర కాదండీ, కాలువలో. మధ్యలో నిలబడ్డాను. పక్కన గేదెలు మేస్తున్నాయి."

"అదండీ... ఏటా కట్టేసేదేనండీ అది. అందరికీ తెలిసిందే" అన్నాను.

"నాకు తెలియదు కదండీ" అన్నాడు.

అరిచి ఉంటే బాగుండేది. అతను అరవలేదు. ఆ ఇస్త్రీ తెలుగులోనే, నెమ్మదిగా చెప్పాడు. "నీళ్ళు లేకపోవడం నాకు పెద్ద సమస్య కాదండీ. ఏడాదికి కొన్నాళ్ళు ఎలాగూ ఫ్యాక్టరీ ఆపి శుభ్రం చేసుకుంటాం, అది ఎండాకాలంలో పెట్టుకునేవాణ్ణి. మిగతా రోజులకి ఒక చెరువు తవ్వించుకునేవాణ్ణి. ఇక్కడ ఊరూరా చెరువులే కనిపిస్తున్నాయి. నా బాధ వేరే. మీరు మీ ఊరిని పొగుడుకుంటారని తెలుసు, అందుకే ఆ రోజు ఆవిడని కూడా అడిగాను. ఇందాక మిల్లుకి వెళ్ళి ఆవిడని అడిగాను. కాలువ కట్టేస్తారని తెలిసి కూడా చెప్పలేదేంటండీ అంటే, నాకు తోచలేదు బాబూ అన్నారు. నలభై ఏళ్ళు ఈ గట్టున మిల్లు నడిపిన మనిషికి తోచకపోవడం ఏమిటండీ? రోజూ ఆవిడ చేతిలో నా ఫ్యాక్టరీ పెట్టి నేను బెంగళూరులో ఎలా కూర్చోను?"

అప్పుడు నేను చెప్పాల్సింది ఒకటే. ఆవిడ తప్పు కాదండీ, నోరెత్తొద్దని నేనే చెప్పాను. ఇంతే. ఊపిరి తీసుకునేంత సేపు పడుతుంది. అటు అతను ఎదురుచూస్తూనే ఉన్నాడు. నా రిటైర్మెంటు ఇంకో మూడు నెలలుంది. అతను పైకి ఉత్తరం రాస్తే ఏమవుతుందో అని ఒక భయం. ఆ వయసులో ఇలా దొరికిపోయానే అని సిగ్గు ఇంకొకటి. ఏదైతేనేం, "అవునండీ, ఆవిడ చెప్పాల్సింది" అన్నాను.

ఊరుకుని ఉన్నా కొంత నయం. ఊరుకోలేదు, ఆ మాట అన్నాను.

అతను అనంతపురం వైపు వెళ్ళిపోయాడు. నీళ్ళు తక్కువని మొదటి పేజీలో రాసినవాళ్ళ దగ్గరికి, నీళ్ళతో పని ఉన్న ఫ్యాక్టరీ వెళ్ళింది. రాఘవరావు గారు పెద్దగా బాధపడలేదు. "నీటి లభ్యత లేనందున అని రాసి ఫైలు మూసెయ్యవయ్యా, ప్రకృతికి మనమేం చేస్తాం" అన్నారు. అలాగే రాశాను. అద్దె పత్రం ముసాయిదా కూడా ఆ ఫైల్లోనే కట్టేశాను.

ఆవిడ ఎందుకు అలా అన్నారు

రెండు రోజులు వెళ్ళలేకపోయాను, మూడో రోజు వెళ్ళాను. నాకు మొహం లేదు. ఆవిడ మాత్రం మామూలుగానే కూర్చోమన్నారు.

"అలా ఎందుకన్నారండీ? నేను చెప్పొద్దన్నానని చెప్పెయ్యాల్సింది" అన్నాను.

"చెప్తే ఏమొస్తది మూర్తి గారూ? మీ మాట పోద్ది. రేపు మీరు ఇంకో కంపెనీని తేవాలా వద్దా? ఆఫీసరు అబద్ధాలకోరని తెలిస్తే ఇక ఈ దిక్కుకి ఎవడొస్తాడు? నాదేముంది, ముసలిదానికి మతిమరుపనుకుంటారు." నవ్వబోయారు, నవ్వు రాలేదు. "ఎవర్నైనా తొందరగా చూడండి. మావాళ్ళు మూటలు కడుతున్నారు."

ఎవర్నీ తేలేకపోయాను. వెతికాను, అది నిజం. కాళ్ళరిగేలా తిరిగాను, గొంతు బొంగురుపోయేదాకా ఫోన్లు చేశాను. చేపల మేత కంపెనీ ఒకటి షెడ్డు గోడౌనుగా అయితే తీసుకుంటామంది, దానికి ఇద్దరు మనుషులు చాలన్నారు. చివరికి ఆవిడ దానికే ఇచ్చేశారు. ఒకరి తర్వాత ఒకరుగా పదహారు ఇళ్ళకి తాళాలు పడ్డాయి. బాయిలర్‌ని ముక్కలు కోసి లారీ ఎక్కించిన రోజు నేను అటు వెళ్ళలేదు.

ఈ పనిలోకి వచ్చినవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. వచ్చేవాడు తెలివితక్కువవాడు అనుకోకండి. మీ ఊరి లోపం మీకు పాతబడి మామూలైపోతుంది, అతనికి కాదు. అది మీ నోటితో ముందే చెప్పండి. దానికి దారి మీరు చూపించకపోయినా ఫరవాలేదు, అతనే వెతుక్కుంటాడు. భోజనం ఒక్కసారి పెట్టండి. ఇవన్నీ నేర్చుకోవడం తేలికే, ఏ శిక్షణ తరగతిలోనైనా చెబుతారు. తప్పు దొరికిపోయిన నిమిషంలో ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ నిమిషంలో మనం కాపాడుకునేది మన పరువు ఒక్కటే, పక్కవాళ్ళ బతుకులు ఆ పరువు కింద నలిగిపోతున్నా కనపడవు. నాకు కనపడలేదు.

ఇంకో ఫోను

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఈ సంగతి నన్ను తినేసింది. కిందటేడాది ఒకరోజు మధ్యాహ్నం, అన్నం తిన్న చెయ్యి కడుక్కుని, అర్జున్‌కి ఫోను చేశాను. అతను గుర్తుపట్టాడు. ఉన్నదంతా చెప్పాను. ఆ పొద్దున్న మిల్లుకి ముందుగా వెళ్ళిన సంగతి, ఇదేం చోద్యమని ఆవిడ అన్నా వినకుండా నోరు కట్టేసిన సంగతి, ఫోనులో ఆవిడ మీదికి నెట్టేసిన సంగతి.



"ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే మిల్లు తీసుకునేవాణ్ణండీ" అన్నాడు. "మీ మీద కోపం వచ్చేది. కానీ మీతో నాకు పనేముంది? నాకు పని ఆవిడతో."

మర్నాడే బస్సెక్కి సామ్రాజ్యం గారి దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పేస్తే బరువు దిగుతుందని, ఆవిడ నాలుగు తిట్లు తిడితే అది కూడా మంచిదేనని అనుకుంటూ వెళ్ళాను. ఆవిడ వరండాలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతున్నారు. అర్జున్ ఆవిడ గురించి ఏమనుకుని వెళ్ళాడో, దానికి నేను ఏమన్నానో, ఇప్పుడు అతను ఏమన్నాడో, ఏదీ దాచకుండా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి చేటలో ఆగే ఉంది.

"ఇప్పుడెందుకు చెప్పారండీ నాకిది?" అన్నారు చివరికి. గొంతు పెంచలేదు. "కాలువ కట్టేశారు, కంపెనీ పోయింది అనుకున్నాను. ఏటా కట్టేదే గదా, దానిమీద ఎవరికి కోపముంటది? ఊరొదిలిపెట్టి పోయేటప్పుడు పదహారు ఇళ్ళవాళ్ళూ ఒక్కొక్కళ్ళే వచ్చి ఎందుకు పోయిందమ్మా అని అడిగితే, నీళ్ళు లేకపోయాయిరా అని చెప్పి పంపాను. పండక్కీ పబ్బానికీ ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పమంటారు?"